తూటాలు నింపే చేతి ప్రెస్సు – చరిత్ర, పునరుద్ధరణ

పేల్చిన తూటా ఖాళీ గొట్టానికి ఎంత విలువ ఉందో మన సంఘంలోని పోలీసు శాఖ మిత్రులను అడిగితే చెబుతారు. ఫైరింగు ప్రాక్టీసుకు ఎన్ని తూటాలు ఇచ్చారో అన్ని ఖాళీలూ తిరిగి లెక్కకు రావాలి. ఒకటి తగ్గితే గడ్డి దుబ్బుల్లో వెతకాలి, దొరక్కపోతే సంజాయిషీ రాసుకోవాలి. కలెక్టరేటు మెజిస్టీరియల్ సెక్షనులో ఆయుధాల లైసెన్సు ఫైళ్ళు చూసిన నాలాంటి గుమాస్తాకు తూటా అంటే రిజిస్టరులో ఒక అంకె. అంతకు మించి దాన్ని గురించి ఆలోచించవలసిన అవసరం సర్వీసులో ఉండగా రాలేదు.

అదే ఖాళీ గొట్టాన్ని ఇంట్లో బల్లకు బిగించిన ఇనప ప్రెస్సు సాయంతో మళ్ళీ నింపుకొనే అలవాటు అమెరికాలో తరతరాలుగా ఉంది. ఆ ప్రెస్సులకు ఒక చరిత్ర ఉంది. పాతబడిన వాటిని సేకరించి, బాగుచేసి, తిరిగి నిలబెట్టే వారున్నారు. ఆ చరిత్రనూ, ఆ బాగుచేసే పద్ధతినీ మిత్రులకు పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం. తూటా నింపే విధానం ఇక్కడ చెప్పబోవడం లేదు. అది మన చట్టం ఒప్పుకొనే పని కాదు. ఆ సంగతి చివర మనవి చేస్తాను.

కాగితం పోయి ఇత్తడి వచ్చింది

తూటా అంటే నాలుగు వస్తువుల కూడిక. ముందుకు దూసుకుపోయే గుండు, దాన్ని నెట్టే మందు, ఆ మందును అంటించే కేపు, ఈ మూడింటినీ పట్టి ఉంచే గొట్టం. పూర్వం గొట్టానికి బదులు కాగితపు పొట్లం ఉండేది. సిపాయి ఆ పొట్లాన్ని పంటితో చింపి, మందును తుపాకి మూతిలో పోసి, గుండును దట్టించేవాడు. ఎన్‌ఫీల్డు తుపాకి కాగితపు తూటాలకు ఆవు కొవ్వు, పంది కొవ్వు పూశారన్న వార్త 1857 జనవరిలో కలకత్తా దగ్గరి డమ్‌డమ్‌లో బయలుదేరి ఎంత దూరం వెళ్ళిందో మనమందరం బడిలో చదువుకున్నదే.

పేల్చగానే కాగితం చిరిగి, కాలి పోతుంది. మళ్ళీ వాడుకోవడానికి ఏమీ మిగలదు. ఆ తరువాత ఇరవై ఏళ్ళ లోపే పెద్ద దేశాల సైన్యాలు లోహపు గొట్టానికి మారాయి. గొట్టానికి ఇత్తడి బాగా పనికివచ్చింది. పేలినప్పుడు ఇత్తడి ఉబ్బి, తుపాకిలో తూటా కూర్చునే గది గోడలకు అతుక్కుంటుంది. దానివల్ల వేడి గాలి వెనక్కు తన్నదు. పేలుడు ముగిసిన మరుక్షణం కొద్దిగా సర్దుకుని వదులవుతుంది. కాబట్టి గొట్టం బయటికి వచ్చేటప్పటికి గుండు, మందు, కేపు ఖర్చయిపోయి ఉంటాయి గానీ, గొట్టం మాత్రం కాస్త ఉబ్బి, మసిబారి, మిగిలే ఉంటుంది. తూటాలో ఖరీదైన భాగం అదే. దాన్ని పారవేయడానికి ఎవరికి మనసొప్పుతుంది?

ఇక్కడ ఒక తమాషా ఉంది. 1866లో ఇద్దరు వేర్వేరుగా రెండు రకాల కేపులు కనిపెట్టారు. ఒకరు ఇంగ్లండులోని ఊలిచ్ ఆయుధశాల అధికారి ఎడ్వర్డ్ బాక్సర్, రెండోవారు అమెరికాకు చెందిన హైరం బెర్డాన్. బాక్సర్ కేపు అమర్చే గొట్టం అడుగున సరిగ్గా నడిమధ్య ఒకే రంధ్రం ఉంటుంది. లోపలి నుంచి నిటారుగా ఒక సూది పెట్టి నొక్కితే కాలిన కేపు ఊడి కింద పడుతుంది. బెర్డాన్ పద్ధతిలో నడుమ ఒక చిన్న దిమ్మె, దాని పక్కల రెండు సన్నని రంధ్రాలు ఉంటాయి. సూది పెట్టడానికి వీలుండదు. బయటి నుంచి పెకలించాలి. ఆంగ్లేయుడి కేపు అమెరికాలో స్థిరపడింది, అమెరికా వాడి కేపు ఐరోపాలో స్థిరపడింది. తూటాలను మళ్ళీ నింపుకొనే అలవాటు అమెరికాలో అంతగా వేళ్ళూనడానికి నడిమధ్య ఉన్న ఆ ఒక్క రంధ్రం చాలావరకు కారణం.

మైదానాల్లో పుట్టిన అవసరం

అలవాటుకు అవసరం తోడయింది. 1870లలో అమెరికా పశ్చిమ మైదానాల్లో అడవిదున్నల వేట పెద్ద వ్యాపారంగా సాగింది. వేటగాళ్ళు నెలల తరబడి గుడారాల్లో ఉండేవారు. దుకాణం ఎక్కడో వందల మైళ్ళ దూరాన ఉండేది. అందుచేత సీసపు దిమ్మెలు, మందు పీపాలు, కేపుల పెట్టెలు బండిలో వేసుకుని వెళ్ళి, పగలు పేల్చిన గొట్టాలను రాత్రి నెగడు దగ్గర కూర్చుని మళ్ళీ నింపుకొనేవారు. ఆ వేట ఫలితం మాత్రం విషాదకరం. కోట్ల సంఖ్యలో ఉండిన అడవిదున్నలు 1880లు ముగిసేసరికి కొన్ని వందలకు దిగజారాయి. ఈ పనిముట్టు చరిత్రలో ఈ పుట కూడా ఉంది గనుక దాచకుండా చెప్పడమే న్యాయం.

సైన్యం కూడా పొదుపు చూసుకుంది. 1880లలో ఫిలడెల్ఫియాలోని ఫ్రాంక్‌ఫర్డ్ ఆయుధశాల తయారుచేసిన పనిముట్లతో దూర ప్రాంతాల శిబిరాల్లో సిపాయిల సాధనకు ఖాళీ గొట్టాలనే మళ్ళీ నింపేవారు.

1884లో జాన్ బార్లో అనే ఆయన కనెటికట్ రాష్ట్రం న్యూహేవెన్‌లో ఐడియల్ అనే కంపెనీ పెట్టి, చేతిలో పట్టుకుని వాడే ఒక పటకారును అమ్మకానికి తెచ్చారు. చూడటానికి మన అడకత్తెర లాగే ఉంటుంది. రెండు పిడులు, మధ్యలో మడత కీలు, కీలు దగ్గర గొట్టం పట్టే గుంటలు. దానితో కాలిన కేపు తీయడం, కొత్త కేపు పెట్టడం, గుండును బిగించడం సాధ్యమయ్యేవి. ఆ కంపెనీ చేతులు మారి 1925లో లైమన్ కంపెనీకి చేరింది.

పటకారుకు ఒక పరిమితి ఉంది. చేతి పిడికిలి బలంతో గొట్టం మెడను మాత్రమే బిగించగలం. ఉబ్బిన గొట్టాన్ని మొదలంటా పూర్వపు కొలతకు తేవాలంటే ఆ బలం చాలదు. అప్పుడు వచ్చింది బల్లకు బిగించే ప్రెస్సు.

ప్రెస్సు ఎలా పనిచేస్తుంది

మన రోజుల్లో ఆఫీసులో కాగితంపై ముద్ర ఉబికేలా నొక్కే ఎంబాసింగు సీలు ఉండేది గుర్తుందా? పొడవాటి పిడిని కిందికి నొక్కితే కొద్దిపాటి కదలికే అయినా కాగితంపై చాలా బలం పడేది. ఈ ప్రెస్సులోనూ అదే సూత్రం. పోత ఇనుముతో చేసిన చట్రం, అందులో పైకీ కిందికీ కదిలే ఉక్కు స్తంభం, దాన్ని కదిలించే మడత కీళ్ళు, ఒక పొడవాటి పిడి. స్తంభం కొసన గొట్టం అడుగును పట్టే చిన్న పట్టు. చట్రం పైభాగాన మరలు గల రంధ్రంలో గట్టి ఉక్కు అచ్చు, దాన్నే డై అంటారు. పిడి నొక్కితే స్తంభం లేచి గొట్టాన్ని అచ్చులోకి నెడుతుంది. మడత కీళ్ళు నిటారుగా వచ్చే కొద్దీ బలం పెరుగుతుంది. కదలిక ముగిసే చోట, అనగా బలం ఎక్కువ కావలసిన చోటే, అది అన్నిటికంటె ఎక్కువగా అందుతుంది.

చట్రం ఆకారాన్ని బట్టి ఈ ప్రెస్సులకు పేర్లు. ముందువైపు తెరిచి ఉండేది సీ ప్రెస్సు. చుట్టూ మూసి ఉండేది ఓ ప్రెస్సు. రెండు నిలువు కంబాలతో ఉండేది హెచ్ ప్రెస్సు. సీ ప్రెస్సులో చెయ్యి పెట్టడం సులువు గానీ, బలంగా నొక్కితే నోరు కొంచెం తెరుచుకుంటుంది. ఓ ప్రెస్సు ఆ బాధ పడదు.

రెండో ప్రపంచ యుద్ధం ఈ వృత్తిని మలుపు తిప్పింది. ఫ్యాక్టరీలన్నీ సైన్యం పనిలో మునగడంతో మామూలు జనానికి గుండ్లు దొరకలేదు. 1943లో కాలిఫోర్నియాలోని ఓరోవిల్ పట్టణంలో ఫ్రెడ్ హంటింగ్టన్ చిన్న గుండ్లు ఒత్తే అచ్చులు తయారుచేయడం మొదలుపెట్టారు. పేల్చి పారేసిన చిన్న తూటాల ఖాళీ గొట్టాలనే కొత్త గుండ్లకు పై తొడుగుగా వాడే ఉపాయం అది. ఆయన కంపెనీ ఆర్‌సీబీఎస్ పేరుతో ప్రసిద్ధికెక్కి, తరువాత ప్రెస్సులకు పెట్టింది పేరయింది. అదే రోజుల్లో ఐడహో రాష్ట్రంలో వెర్నన్ స్పియర్ కూడా ఇలాగే గుండ్ల తయారీలో దిగారు. యుద్ధం ముగిశాక కాన్సాస్‌లో బ్రూస్ హాజ్డన్ సైన్యం దగ్గర మిగిలిన మందును ప్రభుత్వం నుంచి కొని జనానికి చౌకగా అమ్మారు. 1949లో నెబ్రాస్కాలో జాయిస్ హార్నడీ గుండ్ల కంపెనీ ప్రారంభించారు. యుద్ధం నుంచి తిరిగివచ్చిన లక్షలాది యువకులకు తుపాకి పరిచయమే, జేబులో డబ్బు మాత్రం తక్కువ. ఆ రోజుల్లో ఎన్నో ఇళ్ళ నేలమాళిగల్లోకి, షెడ్డుల్లోకి ఈ ప్రెస్సు చేరింది.

ఇన్ని కంపెనీలు ఉన్నా ఒక్క విషయంలో అందరూ ఒక తాటి మీదికి వచ్చారు. అచ్చు బిగించే మర కొలత. అంగుళంలో ఎనిమిదో వంతులు ఏడు వ్యాసం, అంగుళానికి 14 చుట్లు. సుమారు 22 మిల్లీమీటర్ల ఈ మర ప్రమాణంగా నిలిచిపోయింది. అందుకే 1950లలో కొన్న ప్రెస్సులో నిన్న దుకాణంలో కొన్న అచ్చు సరిగ్గా కూర్చుంటుంది. డెబ్బై ఏళ్ళ నాటి టైపురైటరుకు ఈరోజు రిబ్బను వెతకడం ఎంత కష్టమో తెలిసిన మనకు దీని విలువ వేరే చెప్పనక్కరలేదు. ఈ పాత ప్రెస్సులను పారవేయకుండా బాగుచేసుకోవడానికి అసలు కారణం ఇదే.

ఒక ప్రెస్సును బాగుచేసిన తీరు

2018లో మా అబ్బాయి దగ్గర ఒహాయో రాష్ట్రంలో కొన్ని నెలలు ఉన్నాను. పక్క ఇంటి పెద్దమనిషి యంత్రాల షాపులో లేతు పని చేసి రిటైరైనవారు. నాకంటె రెండేళ్ళు పెద్ద. ఆయన తండ్రి 1950లలో కొన్న సీ ప్రెస్సు ఒకటి తడి షెడ్డులో ఇరవై ఏళ్ళు పడి ఉండి తుప్పుతో బిగుసుకుపోయింది. దాన్ని తమ్ముడు పాత సామాను వాళ్ళకు ఇచ్చేద్దామంటే, ఈయన కాదని తెచ్చుకున్నారు. నాకు పొద్దు పోవడానికి వేరే పని లేదు. రోజూ సాయంత్రం వెళ్ళి స్టూలు మీద కూర్చుని చూసేవాణ్ణి.

ఆయన మొదట సుత్తి గానీ, వేడి గానీ దగ్గరికి రానివ్వలేదు. పాత ప్రెస్సులో కేపు పెట్టే చేతిలోనో, కింది తొట్టిలోనో పేలని కేపు ఇరుక్కుని ఉండవచ్చు. ఏళ్ళు గడిచినా అది పేలే ప్రమాదం ఉంది. కళ్ళద్దాలు పెట్టుకుని, చేతి దీపంతో మూలమూలా చూసి, ఏమీ లేదని నిర్ధారించుకున్న తరువాతే ఒక్కో మరనూ ముట్టుకున్నారు. విప్పే ముందు ఫొటో తీశారు, విప్పిన ప్రతి ముక్కకూ అంకె వేసిన చీటీ కట్టారు. ఫైలుకు పుటల సంఖ్య వేసినట్టు ఉంది ఆ పని.

తుప్పు వదిలే నూనె పోసి నాలుగు రోజులు ఊరుకున్నారు. అయిదో రోజు పిడి కదిలింది. ముక్కలను కిరోసిన్‌లో నానబెట్టి, గట్టిపడిన పాత గ్రీజును కొయ్య పుల్లతో గీకారు. స్తంభానికి ఎమరీ కాగితం మాత్రం తగలనివ్వలేదు. మెరుగు కోసం రుద్దితే స్తంభం సన్నబడుతుంది, రంధ్రం అలాగే ఉంటుంది, వదులు పెరుగుతుంది. పైరంగును కూడా గీకలేదు. ఆ కాలపు రంగుల్లో సీసం ఉండవచ్చు, ఆ దుమ్ము ఊపిరికి మంచిది కాదు. కాలిన కేపుల మసిలో కూడా సీసం ఉంటుంది. అందుకని పని ముగించగానే సబ్బుతో చేతులు కడుక్కోనిదే కాఫీ కప్పు ముట్టేవారు కాదు, నన్నూ ముట్టనిచ్చేవారు కాదు.

అసలు భయం చట్రం గురించి. పోత ఇనుములో బీట ఉంటే నొక్కినప్పుడు విరుగుతుంది. అతుకు వేయడం కష్టం, వేసినా పూర్తిగా నమ్మలేం. చట్రమంతా కిరోసిన్ పూసి, కాసేపు ఉంచి, పొడి గుడ్డతో శుభ్రంగా తుడిచి, పైన సున్నపు పొడి చల్లారు. బీట ఉంటే దానిలో దూరిన కిరోసిన్ మెల్లగా బయటికి వచ్చి తెల్ల పొడి మీద నల్లని గీతగా కనబడుతుందట. అరగంట ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. గీత పడలేదు. ఆయన ముఖం వికసించింది.

లోపం మరోచోట బయటపడింది. స్తంభం కదిలే రంధ్రం ఒక పక్కకు అరిగి కోడిగుడ్డు ఆకారం అయింది. దానికి కారణం కాలిన కేపుల మసి. ఒక్కో కేపు ఊడినప్పుడల్లా గాజు పొడి లాంటి గరుకు బూడిద కొద్దిగా స్తంభం మీద రాలుతుంది. తుడవకుండా వాడితే అదే ఎమరీ అయి ఇనుమును తింటుంది. స్తంభం పక్కకు ఒరిగితే గొట్టం అచ్చులోకి నిటారుగా పోదు, గుండు వంకరగా కూర్చుంటుంది. ఇది పైకి మెరుగు పెడితే తీరే లోపం కాదు.

ఆయన ముందు రెండు దారులున్నాయి. ఉన్నదున్నట్టు ఉంచి, కొత్త రంగు వేసి అలమారలో పెట్టుకోవచ్చు. తండ్రి వస్తువు చెక్కుచెదరకుండా ఉంటుంది గానీ పనికి రాదు. లేదా రంధ్రాన్ని గుండ్రంగా కోసి, లోపల కంచు బుష్ దిగవేయవచ్చు. పనిచేస్తుంది గానీ తండ్రి చేతి కింద అరిగిన ఇనుము కొంత పోతుంది. రెండు రోజులు ఏ పనీ ముట్టకుండా ఆలోచించారు. ఆ తరువాత నాతో అన్న మాటలు ఇవి. “మా నాన్న దీన్ని అలంకారానికి కొనలేదు. నిటారుగా నడవని ప్రెస్సును ఆయన బల్ల మీద ఉండనిచ్చేవారు కాదు.”

తన పాత షాపుకు వెళ్ళి రంధ్రం కోయించి, బుష్ దిగవేశారు. అరిగిన కీలు పిన్నులు రెండింటిని లేతు మీద కొత్తగా తిప్పారు. పాత పిన్నులను పారవేయకుండా చిన్న డబ్బాలో వేసి చీటీ రాశారు. పిడి కొసన ఉన్న కొయ్య గుండు చేతి చెమటకు నల్లబడి ఉంది. దాన్ని గుడ్డతో తుడిచి అలాగే బిగించారు. అన్నీ అయ్యాక ఉక్కు అచ్చు అక్షరాలతో, పైకి కనబడని చోట, చట్రం అడుగున, తన పేరు మొదటి అక్షరాలూ, 2018 అనే అంకే కొట్టారు. ఎందుకని అడిగాను. రేపు దీన్ని ఎవరు విప్పినా ఈ బుష్ కంపెనీ వేసింది కాదనీ, ఎప్పుడు ఎవరు వేశారో తెలియాలనీ అన్నారు. కొందరు పాత ప్రెస్సులకు కొత్త రంగు పూసి, మార్చిన ముక్కల మాట చెప్పకుండా అసలువని అమ్ముతారట. అది ఆయనకు గిట్టదు.

మిత్రులారా, ఆ మాట వినగానే నాకు మన రిజిస్టర్లు గుర్తొచ్చాయి. సర్వీసులో చేరిన మొదటి వారంలోనే మనకు నేర్పిన పాఠం అది. తప్పు అంకెను చెరపరాదు, పైన దిద్దరాదు. పాత అంకె కనబడేలా ఒకే గీత కొట్టి, పక్కన సరైన అంకె వేసి, పొడి సంతకం, తేదీ పెట్టాలి. దిద్దుబాటు దోషం కాదు, దాచిన దిద్దుబాటే దోషం. ఇంగ్లీషు ముక్కల్లో ఈ సంగతి ఆయనకు చెప్పాను. కాసేపు నవ్వి, “అయితే మనం ఇద్దరం ఒకే పని చేశామన్నమాట” అన్నారు.

మన దేశంలో ఇది కుదరదు

ఇక చట్టం మాట. అమెరికాలో సొంత వాడకానికి తూటాలు నింపుకొంటే కేంద్ర ప్రభుత్వ లైసెన్సు అక్కరలేదు. అమ్మకానికి తయారుచేస్తే కావాలి. మన దేశంలో పరిస్థితి పూర్తిగా వేరు. 1878 నాటి ఆయుధాల చట్టం తెల్లవారు మనల్ని నమ్మక తెచ్చినది. దాని స్థానంలో వచ్చిన 1959 చట్టం 1962 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని కింద 1962లో చేసిన నియమాల స్థానంలో 2016లో కొత్త నియమాలు వచ్చాయి. ఈ చట్టంలో మందుగుండు అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం చాలా విశాలం. తూటా భాగాలూ, తూటాలు తయారుచేసే యంత్రాలూ కూడా అందులోకే వస్తాయి. లైసెన్సు లేనిదే తయారీ నేరం. తుపాకి లైసెన్సు ఉన్నంత మాత్రాన తూటా తయారుచేసుకొనే హక్కు రాదు.

కనుక పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళివచ్చే మిత్రులకు ఒక మనవి. పాత సామాను సంతలో ముచ్చటగా కనబడిందని ఇలాంటి ప్రెస్సును గానీ, అచ్చులను గానీ, జ్ఞాపకార్థం ఒక తూటాను గానీ, ఖాళీ గొట్టమైనా సరే, పెట్టెలో వేసుకుని రావద్దు. విమానాశ్రయంలో తనిఖీ వారికి జ్ఞాపకార్థం అన్న మాట వినిపించదు. ఆ వయసులో పోలీసు స్టేషను మెట్లు ఎక్కడం ఎవరికీ వద్దు.

ఆ ప్రెస్సును చూసినందువల్ల తుపాకుల మీద నాకు మోజు కలగలేదు. కానీ పాత వస్తువును బాగుచేయడమంటే కొత్తదానిలా కనబడేలా చేయడం కాదని మాత్రం తెలిసింది. అది చేయవలసిన పనిని మళ్ళీ సరిగ్గా చేసేలా చేయాలి. ఉంచగలిగినదాన్ని ఉంచాలి. మార్చక తప్పనిదాన్ని మార్చి, మార్చామని రాసి పెట్టాలి. మన ఇళ్ళలో తండ్రుల నాటి గోడ గడియారాలు, కుట్టు మిషన్లు, త్రాసులు ఇంకా ఉన్నాయి. ఎప్పుడైనా మరమ్మతు చేయిస్తే ఏ భాగం మార్చారో, ఏ సంవత్సరంలో మార్చారో ఒక చీటీ రాసి వెనకవైపు అంటించండి. తేదీ వేసి పొడి సంతకం చేయడం మనకు కొత్తగా ఎవరూ నేర్పనక్కరలేదు.